వైవిధ్య ప్రకటన

వైవిధ్య ప్రకటన అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో అధ్యాపక పదవికి దరఖాస్తు చేసేవారి నుండి కోరే ఒకటి రెండు పుటల వ్యాసం. వెనుకబడిన వర్గాల, జాతుల విద్యార్థుల కొరకు తాను ఇదివరకు ఏమి చేసినదీ, ఇకమీదట ఏమి చేయదలచినదీ అభ్యర్థి అందులో వివరించాలి. దీనిని మన దేశపు రిజర్వేషన్లతో పోల్చరాదు. రిజర్వేషన్లలో అభ్యర్థి సామాజిక వర్గం లెక్కకు వస్తుంది. ఇక్కడ ఏ వర్గం వారైనా సరే, వారి నిబద్ధతకు మార్కులు వేస్తారు.

నేపథ్యం

1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 209వ ప్రతిపాదన ప్రభుత్వ ఉద్యోగాలలోను, విద్యలోను జాతి, లింగ ప్రాతిపదికపై ప్రాధాన్యం ఇవ్వడాన్ని నిషేధించింది. అభ్యర్థి ఎవరు అన్నది చూడరాదు గాని, ఏమి చేశారన్నది చూడవచ్చును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2005లో తన నియమావళిని సవరించి, వైవిధ్యానికి తోడ్పడే బోధన, పరిశోధన, సేవలకు గుర్తింపు కల్పించింది. ఇది సమంజసమైనదే. కుటుంబంలో మొదటిసారిగా కళాశాల మెట్లెక్కిన విద్యార్థికి గంటల తరబడి దారి చూపిన అధ్యాపకుని శ్రమ పరిశోధనా పత్రాల జాబితాలో కనిపించదు.

బర్క్లీ నియామకాలు

చిక్కు వచ్చినది కొలిచే పద్ధతిలో. బర్క్లీ ప్రాంగణం రూపొందించిన పట్టికలో అవగాహన, గత కృషి, భవిష్యత్ ప్రణాళిక అను మూడింటికి 5 చొప్పున మార్కులున్నాయి. విద్యార్థుల నేపథ్యాన్ని పట్టించుకోక అందరినీ సమానంగా చూస్తానని వ్రాయడం 1 లేదా 2 మార్కులకు తగిన సమాధానంగా అందులో పేర్కొన్నారు. 2018-19లో అక్కడి జీవశాస్త్ర నియామకాలకు అర్హత గల దరఖాస్తులు 893 రాగా, వైవిధ్య ప్రకటనల ఆధారంగానే జరిపిన తొలి వడపోతలో 679 తొలగిపోయి 214 మాత్రమే మిగిలాయి. అనగా నాలుగింట మూడు వంతుల మంది పరిశోధన నాణ్యత ప్రశ్న రాకముందే వెనుదిరిగారు.

విమర్శలు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో గణితశాఖాధిపతిగా ఉన్న అబిగైల్ థాంప్సన్ 2019లో అమెరికన్ మేథమేటికల్ సొసైటీ పత్రికలో ఈ పద్ధతిని 1950 నాటి విధేయతా ప్రమాణాలతో పోల్చారు. కమ్యూనిస్టు వ్యతిరేక ప్రమాణంపై సంతకం చేయనందుకు ఆ ఏట అదే విశ్వవిద్యాలయం 31 మంది ఆచార్యులను తొలగించింది. ఆమె వ్యాసాన్ని సమర్థిస్తూ కొందరు, ఖండిస్తూ కొందరు, వందలాది గణితజ్ఞులు లేఖలపై సంతకాలు చేశారు.

పోలిక కొంత మితిమీరినదే: ప్రకటన వ్రాసినవారు చేసిన పనిని కూడా చూపగలరు, ప్రమాణంలో ఆ వీలు లేదు. అయితే చేసిన పనికన్న నమ్మకానికి మార్కులు పడినపుడు రెండింటి మధ్య దూరం తగ్గుతుంది. పైగా భాష నేర్చినవారికి ఇది అనుకూలం. భారతదేశం నుండి దరఖాస్తు చేసే పరిశోధకునికి కులవివక్ష అనుభవపూర్వకంగా తెలిసి ఉండవచ్చును గాని, అమెరికా జాతి సమస్యల పరిభాష తెలియకపోవచ్చును.

ఉపసంహరణ

మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ 2024 మే నెలలో ఈ ప్రకటనలను విరమించింది. జూన్‌లో హార్వర్డ్ కళా, విజ్ఞాన విభాగం వీటి స్థానంలో విద్యాసమాజానికి చేసిన సేవను వివరించే పత్రాన్ని ప్రవేశపెట్టింది. డిసెంబరులో మిచిగన్ విశ్వవిద్యాలయం, 2025 మార్చిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కూడా విడి ప్రకటనలు కోరడం మానివేశాయి.