స్పైడర్‌మాన్‌కి సెలవెవరిస్తారు?

స్పైడర్‌మాన్ అనగానే అందరికీ గుర్తొచ్చే డైలాగు ఒకటుంది కదా.. శక్తి పెద్దదైతే దాని వెంటే బాధ్యతా పెద్దదవుతుందని అర్థం వచ్చేది. ఇంక్రిమెంట్ పెంచకుండా పని మాత్రం పెంచాల్సొచ్చినప్పుడు మేనేజర్లు కూడా దీన్ని తెగ వాడేస్తుంటారు. అంతెందుకు, 2015లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పులోకి కూడా ఎక్కేసింది. చేతికి తొడుక్కుని సాలెగూడు చిమ్మే ఒక బొమ్మ, దాని పేటెంటు, మార్వెల్ కట్టాల్సిన రాయల్టీ.. ఇదీ గొడవ. తీర్పు రాసిన జస్టిస్ ఎలీనా కేగన్ 1962 నాటి కామిక్ పుస్తకాన్ని దర్జాగా ఉదహరించారు.

ఇంతకీ ఆ మాట అన్నదెవరంటే, పది మందిలో తొమ్మిదిమంది అంకుల్ బెన్ అంటారు. (మన లెక్కలో ఆయన పీటర్‌కి పెదనాన్న అవుతాడు. ఇంగ్లీషు వాడికి అందరూ అంకుల్సే కాబట్టి ఆ బాధ లేదు.) కానీ స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి చేసిన మొట్టమొదటి కథ, అంటే 1962లో వచ్చిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక తీసి చూడండి. పెదనాన్న ఆ మాట అనడు. అంతా అయిపోయాక, చివరి బొమ్మ మీద కథ చెప్పేవాడి వ్యాఖ్యగా వస్తుంది. ఆయన నోట్లో పెట్టింది తర్వాతి వాళ్ళు.

ఇదేదో క్విజ్ పోటీ ప్రశ్నలా అనిపించొచ్చు గానీ నాకు ఈ తేడా చాలా పెద్దది. పెద్దాయన ముందే చెప్పి ఉంటే, అది పెద్దలమాట వినని కుర్రాడి కథ అయ్యేది. మన చందమామలో బోలెడన్ని ఉండేవి అలాంటివి. అసలు కథలో పీటర్‌కి ఎవరూ ఏమీ చెప్పలేదు. టీవీ షో ముగించుకుని వస్తుంటే ఒక దొంగ పక్కనుంచే పరిగెత్తుతాడు, వెనక తరుముతున్నవాడు పట్టుకోమని అరుస్తాడు, ఇతను చూస్తూ నిలబడతాడు. దొంగ లిఫ్టెక్కి పోతాడు. అదేమని అడిగితే, ఇకమీదట నా సంగతే నేను చూసుకుంటానంటాడు.

అంటే.. నా మాడ్యూల్ కాదు!

ఈ ఒక్క ముక్క మనవాళ్ళకి అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదనుకుంటా. బగ్ కళ్ళముందే కనబడుతుంది, రెండు లైన్లు మారిస్తే పోతుంది, అయినా టికెట్ మన పేరు మీద లేదు కాబట్టి కదలం. చట్టప్రకారం మన తప్పేమీ లేదు. పీటర్ తప్పు కూడా చట్టప్రకారం ఏమీ లేదు. ఆ దొంగే తర్వాత వాళ్ళింట్లో పడి పెదనాన్నని కాల్చేస్తాడు, అంతే.

2002లో శామ్ రైమీ సినిమాలో దీన్ని కొంచెం మెత్తబరిచారు. కుస్తీ పోటీలో మూడు వేల డాలర్లు వస్తాయనుకుంటే నిర్వాహకుడు వందే చేతిలో పెట్టి, ఎదురు అడిగితే వెటకారంగా మాట్లాడతాడు. వెంటనే ఆ నిర్వాహకుణ్ణే ఒకడు దోచుకుని పారిపోతుంటే పీటర్ దారిస్తాడు. హాల్లో మనం కూడా "బాగా అయ్యింది" అనుకుంటాం. సినిమాగా అది బాగుంది, కాదనను. కానీ కామిక్‌లో పీటర్‌కి ఆ కోపం కూడా లేదు, ఒట్టి నిర్లక్ష్యం. భయపెట్టేది అదే.

సరే, అక్కణ్ణుంచి అతని జీవితం ఏమైందో చూద్దాం. విలన్లని పక్కన పెట్టండి. విలన్లు వస్తారు, పోతారు. బాధ్యత నిజంగా కొరుక్కుతిన్నది మామూలు రోజుల్ని. 2004లో వచ్చిన రెండో సినిమా నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే అందులో సగం సినిమా అద్దె కట్టలేకపోవడం గురించే. పిజ్జా లేటుగా తీసుకెళ్ళాడని ఉద్యోగం పోతుంది. కాలేజీలో మార్కులు పడిపోతాయి. మేరీ జేన్ నాటకానికి లేటుగా వెళితే గేటు దగ్గరివాడు లోపలికి వదలడు. ఊరిని కాపాడేవాడికి టైము కాపాడుకోవడం రాదన్నమాట. ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్ళని అడగండి, పెళ్ళి విందు మధ్యలో లేచి ల్యాప్‌టాప్ వెతుక్కోవడం ఎలా ఉంటుందో చెప్తారు. మనకి కనీసం వారం తర్వాత ఇంకొకడి వంతు వస్తుంది. పీటర్‌కి ఆ పట్టికలో ఎప్పుడూ ఒకే పేరు!

ఆ సినిమాలోనే అతను విసిగిపోయి బట్టలు చెత్తబుట్టలో పడేస్తాడు. (1967 నాటి 50వ సంచిక నుంచి తీసుకున్నారు దీన్ని.) శక్తులు కూడా పోయి ఉంటాయి. హాయిగా చదువుకుంటాడు, నవ్వుతూ తిరుగుతాడు. సందులో ఒకణ్ణి కొడుతుంటే చూసి తలదించుకుని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఒక ఇల్లు తగలబడుతుంటే మాత్రం ఆగలేక లోపలికి దూకేస్తాడు. గోడలెక్కడం రాదు, దారం రాదు, అయినా పాపని బయటికి తెస్తాడు. ఇంకొకరు పైన చిక్కుకుని చనిపోయారని అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడే నాకు ఆ డైలాగు మీద అనుమానం మొదలైంది. శక్తి వల్ల బాధ్యత వస్తే, శక్తి పోగానే బాధ్యత కూడా పోవాలి కదా? పోలేదు. అతన్ని లోపలికి దూకించింది శక్తి కాదు. మొదటిరోజు పక్కకి తప్పుకుని దారిచ్చాడే, ఆ జ్ఞాపకం. శక్తులు కాలు విరిగినట్టు పోవచ్చు, అది పోదు.

2007లో మూడో సినిమాలో పెదనాన్నని కాల్చింది ఆ దొంగ కాదు, వేరేవాడని కథ మార్చారు. (తెలుగులోకి కూడా డబ్ అయింది ఆ సినిమా.) చాలామంది తిట్టుకున్నారు, నేనూ తిట్టుకున్నాను. కానీ గమనిస్తే, నేరం ఇంకొకడి మీదకి వెళ్ళినా పీటర్ డ్యూటీ ఎక్కడం మానలేదు.

ఇంతవరకు అతని పక్షమే. ఇక నాకు నచ్చనిది చెప్తాను. బాధ్యత ముదిరితే ఒకరకం అహంకారం అవుతుంది. పీటర్ అందరి తరఫునా తనే నిర్ణయిస్తాడు. మేరీ జేన్‌కి ప్రమాదమని తనే అనుకుని, తనే దూరం జరిగి, కారణం మాత్రం చెప్పడు. పెద్దమ్మకి భర్త చావు వెనకున్న సంగతి ఏళ్ళ తరబడి చెప్పడు. చెప్పినరోజు ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని మౌనంగా మేడ మీదకి వెళ్ళిపోతుంది. తర్వాత క్షమిస్తుంది కూడా. అంటే ఆవిడకి మోసే బలం ఉంది, ఇతనే లేదనుకున్నాడు. ఇలాంటి సీనియర్ ఒకాయన నా పాత ప్రాజెక్టులో ఉండేవాడు. అర్ధరాత్రి వచ్చే ప్రతి సమస్యా ఆయనే చూసేవాడు, పాపం చాలా మంచివాడు. ఆయన పదిరోజులు జ్వరంతో పడుకుంటే సర్వర్ ఎలా లేపాలో మాలో ఒక్కడికీ తెలియలేదు.

2004 సినిమా చివర్లో మేరీ జేన్ పెళ్ళిపీటల మీదనుంచి లేచి, పెళ్ళి బట్టల్లోనే పరుగెత్తుకొచ్చి అతని గుమ్మంలో నిలబడేది ఇందుకే. ప్రమాదం నాది, నిర్ణయం కూడా నాదే అని చెప్పడానికి. నాకు ఆ కథలన్నిటిలో అతన్ని సరిగ్గా ప్రశ్నించింది ఆ అమ్మాయే అనిపిస్తుంది.

2021లో వచ్చిన నో వే హోమ్ చూశాక మళ్ళీ మొదటికొచ్చాం. అందులో డైలాగు చెప్పేది మే, చెప్పి చనిపోతుంది. లోకాన్ని కాపాడ్డానికి మంత్రం వేస్తే పీటర్ అనేవాడు ఉన్నాడన్న సంగతే అందరూ మర్చిపోతారు. మర్చిపోయేముందు ఎంజేకి మాటిస్తాడు, మళ్ళీ వచ్చి అంతా గుర్తుచేస్తానని. వెళ్తాడు కూడా, కాఫీషాపుకి. ఆ అమ్మాయి నుదుటి మీద బ్యాండేజ్ చూస్తాడు, కాఫీ తీసుకుని ఏమీ చెప్పకుండా బయటికొచ్చేస్తాడు.

థియేటర్లో నా పక్కవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఎంత త్యాగం అని. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇచ్చిన మాట బాధ్యత కాదా? ఆ అమ్మాయిని ఒకసారి అడిగి చూడొచ్చు కదా!