వానకు ముందే టీకా మందకు చేరాలి

తొలకరి పడితే అందరికీ సంబరం. అమ్రాబాద్ గుట్టల్లో పశువులు మేపే మనకు మాత్రం సంబరంతో పాటు గుబులు కూడా. పొద్దున మేతకు పోయిన కోడె సాయంత్రానికి కుంటుతుంది. జబ్బ మీదో తొడ మీదో వాపు వస్తుంది, నొక్కితే కరకరమంటుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఇదే జబ్బవాపు. ముసలి ఆవుల జోలికి పెద్దగా పోదు. కండపట్టిన లేత దూడలనే ఎక్కువగా పట్టుకుంటుంది. పొడతూర్పు కోడెలను అమ్ముకొని బతికే ఇంటికి అది ఏడాది సంపాదన.

గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో మనలో కొందరం ఇంకా అనుకుంటున్నాం. అసలు కారణం మన నేలలోనే ఉన్న సూక్ష్మక్రిమి.

ఎండలకు గడ్డే మాడిపోతుంటే క్రిమి ఎట్లా బతుకుతుంది? విత్తనం బతికినట్టే. కష్టకాలం వస్తే అది గట్టి పెంకు కట్టుకొని సిద్ధబీజంగా మారుతుంది. తినదు, పెరగదు, ఎండకు చావదు. వానకు మట్టి కదిలినప్పుడు మేతతో పాటు పశువు కడుపులోకి, అక్కడి నుంచి కండలోకి చేరి కూర్చుంటుంది. దెబ్బ తగిలి కండలో గాలి ఆడని చోటు ఏర్పడితే మొలకెత్తి విషం కక్కుతుంది.

దొమ్మ రోగం క్రిమి ఇంకా మొండిది. 1942లో బ్రిటన్ సైన్యం స్కాట్లండ్ దగ్గరి గ్రూనార్డ్ దీవిలో దాన్ని ప్రయోగించింది. మందులతో నేలను కడిగి, ఆ దీవి సురక్షితమని ప్రకటించేసరికి 1990 వచ్చింది.

కోస్తాలో రొయ్యల రైతులదీ ఇదే బాధ. ఉప్పునీటి విబ్రియో క్రిమికి ఇలాంటి పెంకు లేదు. కానీ చలి, ఆకలి వస్తే నిద్రపోయినట్టు పడి ఉంటుంది. జిగురు పొర కట్టుకొని రొయ్య పెంకును అంటిపెట్టుకుంటుంది. అనువైన కాలం రాగానే లేచి దాడి చేస్తుంది. ఏ క్రిమి అయినా అదను కోసమే చూస్తుంది. అదను తప్పుతున్నది మనమే.

జబ్బవాపు టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వానలు పడి, మందలు అడవిలోకి పోయాక వేస్తే ఏం లాభం? గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేసే కార్యక్రమాన్ని కేంద్రం 2019లో మొదలుపెట్టింది. జబ్బవాపుకూ అట్లాంటి ఖచ్చితమైన తేదీ కావాలి. మే నెలలోనే టీకాలు, మంద ఉన్న చోటికే రావాలి. రోగంతో పశువు చనిపోతే పరీక్ష చేసి పరిహారం ఇవ్వాలి. ఇవి మన డిమాండ్లు.

మనం చేయాల్సిందీ ఉంది. పశువు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దొమ్మ అని అనుమానించాలి. కోయొద్దు, తోలు తీయొద్దు, మాంసం పంచుకోవద్దు. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పాలి. నష్టం కొంతైనా పూడుతుందని కోస్తామని మాకు తెలుసు. కానీ కోసినప్పుడు రక్తానికి గాలి తగిలి క్రిమి పెంకు కట్టుకుంటుంది. ఆ బీడు ఏళ్ల తరబడి విషమవుతుంది, కోసిన మనిషికీ రోగం అంటుకుంటుంది. డాక్టరు చెప్పినట్టు లోతుగా పూడ్చాలి, లేదా కాల్చాలి.

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ తన ఊరి పశువుల లెక్క రాసి పశువైద్యశాలలో ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. టీకాలు అందకపోతే ఆ రసీదు పట్టుకొని అందరం కలిసి అడుగుదాం.