కంప్యూటర్ ఆపేసినా యూపీఎస్ కరెంట్ లాగేస్తోందా? జీరో బిల్లుకు గండి ఇలా!

కంప్యూటర్ షట్‌డౌన్ చేశాం, ఇక కరెంట్ ఖర్చు లేదనుకుంటున్నారా? యూపీఎస్ ఆన్‌లో ఉంటే మీటర్ తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ నిండినా అందులోని ట్రాన్స్‌ఫార్మర్, ఛార్జింగ్ సర్క్యూట్ కొంత కరెంట్ తీసుకుంటాయి.

అది 10 వాట్లే అనుకుందాం. 24 గంటలూ ఆన్‌లో ఉంటే 30 రోజులకు 7.2 యూనిట్లు. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ తెలంగాణలో గృహజ్యోతి జీరో బిల్లు 200 యూనిట్ల వరకే. మిగతా వాడకం 195 ఉన్న ఇంట్లో ఇది కలిస్తే లెక్క 202 దాటుతుంది. అప్పుడు మొత్తం బిల్లు కట్టాల్సిందే!

అదే రోజుకు 8 గంటలే ఆన్‌లో ఉంచితే 2.4 యూనిట్లతో సరిపోతుంది. పని అయ్యాక ముందు యూపీఎస్ బటన్, తర్వాత గోడ స్విచ్ ఆపేయండి. అలాగని నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది, జాగ్రత్త.