అమ్మ టెక్కలిలో, అమ్మాయి పెరూజాలో

ఈ వారం ఉత్తరాల్లో టెక్కలి నించి వచ్చిన ఒక ఉత్తరం నన్ను రెండు రోజులు వదల్లేదు. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యను. వాళ్ళ అమ్మాయి ఇటాలియన్ భాష నేర్చుకోవడానికి ఇటలీలోని పెరూజా వెళ్ళి నెల దాటిందిట. గొలుసూ గాజులూ బ్యాంకులో పెట్టి పంపించారు. "మధ్యాహ్నం ఓసారి, రాత్రి పదిన్నరకి ఓసారి వీడియోలో మాట్లాడుతున్నామండి. గంటసేపు ఏడుపే. క్లాసు, గది తప్ప ఎక్కడికీ వెళ్ళదు. గదిలో వాళ్ళూ తెలుగుపిల్లలే. పిల్లనలాగ వదిలీడమేనా, వచ్చీమననా?" అని అడిగారు.

రమ్మనకండి. ముందు మీ ఫోను తగ్గించండి. కోపగించుకోకుండా కాస్త వినండి.

నేను గుంటూరు నించి విజయనగరం కోడలిగా వచ్చినదాన్ని. వచ్చిన వారానికే మా అత్తగారు "గుంటనెత్తుకో" అన్నారు. మా వైపు గుంటంటే గొయ్యి! బిక్కమొహం వేసి నిలబడితే, ఉయ్యాల్లో ఉన్న ఆడపడుచు కూతుర్ని చూపించి నవ్వారు. ఆర్నెల్లు గదిలో కూచుని పుట్టింటికి ఉత్తరాలు రాసుకున్నాను. నాకు ఈ ఊరు అలవాటైంది ఆ ఉత్తరాల వల్ల కాదు, కూరల బజారులో బేరమాడ్డం మొదలుపెట్టాకే. మనమంతా ఒకసారి పరాయి ఊరు నేర్చుకున్నవాళ్ళమే కదూ!

ఇంకో పెద్దమనిషి మీ జిల్లాలోనే ఉన్నారు. పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకోవాలనుకుంటే పుస్తకమా, బడా? ఏవీ లేవు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట్లాడి మాట్లాడి నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మీ అమ్మాయికి ఊరినిండా ఇటాలియన్ మాట్లాడేవాళ్ళే ఉన్నారు, వీధిలోకి వెళ్ళాలంతే. పెరూజా ఇలాంటి పిల్లలు కొత్తగాని ఊరు కాదు. 1921 నించీ అక్కడ పరదేశీయులకి పాఠాలు చెబుతున్నారు.

చలికాలంలో మనకీ వాళ్ళకీ నాలుగున్నర గంటల తేడా. మీ రాత్రి పదిన్నర అంటే అక్కడ సాయంత్రం ఆరు. ఇటలీ ఊళ్ళల్లో సరిగ్గా ఆ వేళకే ముసలీ ముతకా, పిల్లా జెల్లా షికారుకి వీధిలోకొస్తారు. దాన్ని పస్సెజ్జాతా అంటారు. పెరూజాలో అయితే కోర్సో వన్నూచ్చి అనే పెద్దవీధి. నాలుగు మాటలు చెవినపడే గంట అదే, ఆ గంటే మీ ఫోను తినేస్తోంది. వారానికి రెండుసార్లు చాలు. చేసేదేదో వాళ్ళ మధ్యాహ్నం భోజనం వేళ చెయ్యండి.

భాష గురించి బెంగక్కర్లేదు. వాళ్ళ మాటలు కూడా చాలావరకు మన మాటల్లా అచ్చుతోనే ముగుస్తాయి. ఒత్తులూ ఉన్నాయి. నోనో అంటే తొమ్మిదోది, నోన్నో అంటే తాతయ్య! ఇంగ్లీషువాళ్ళు తడబడేది ఇక్కడే. కల, కల్ల తేడా తెలిసిన మన పిల్లలకి అదో లెక్కా? పెద్దవాళ్ళని మీరు అన్నట్టు 'లేయ్' అనాలి. ఆ మాటకి అసలర్థం 'ఆమె'. మగవాళ్ళనీ అలాగే అంటారు, నవ్వొద్దని చెప్పండి. చావ్ అనేది స్నేహితులకే. దుకాణంలో పెద్దాయనకి బొన్‌జోర్నో అనాలి.

ఇక మీరు తప్పక అడగవలసింది కాయితాల సంగతి. మూడు నెలలకి మించి ఉండేవాళ్ళు దిగిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతికి పోస్టాఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఆ రసీదు దాచుకుందా? కోదిచే ఫిస్కాలే అని 16 అక్షరాలూ అంకెల నంబరుంటుంది, అదీ తీసుకోవాలి. ఈ రెండూ ఉంటే సగం భయం పోతుంది.

తర్వాత పార్సిలు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు పంపకండి. పాలతో, మాంసంతో చేసినవి ఆ దేశాల్లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకూ అంతే. నువ్వులపొడి, కందిపొడి, ఇంగువ, ఆవాలు పంపండి, ఆవ పెట్టుకోవడానికి వీలుగా. శనగలు, టమాటాలు అక్కడ దండిగా దొరుకుతాయి. సెమొలినో అనే రవ్వ ఉప్మాకి పనికొస్తుంది. ఆర్బోరియో బియ్యం ముద్దయిపోతుంది. పెరుగన్నానికి పసందుగా ఉంటుంది గాని పులిహోరకి మాత్రం వద్దు, బాస్మతి కొనుక్కోమనండి. ఇండక్షన్ పొయ్యి అయితే మీరిచ్చిన అల్యూమినియం కుక్కరు వేడెక్కదు, స్టీలుదీ ఇండక్షన్‌కి పనికొచ్చేదీ కావాలి.

పిల్ల ఏడుస్తూనే ఉంటే, తిండి మానేస్తే, నిద్ర పట్టకపోతే అది వేరు సంగతి. అప్పుడు అక్కడి డాక్టరుకి చూపించుకోమనండి, అవసరమైతే మళ్ళీ ఆలోచిద్దాం. ఒక నెల కన్నీళ్ళకి మాత్రం గాజులు వృథా చెయ్యొద్దు.

వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు "తిన్నావా" అని అడక్కండి. "అయ్ మంజాతో?" అనండి. అదే మాట. జవాబు ఏ భాషలో వచ్చిందో నాకు రాయండి.