ఆబిడ్స్‌కి ప్రాణం పోస్తారట!

"ఊరి నడిబొడ్డుని రివైవ్ చెయ్యాలి" అనే మాట ఈమధ్య హైదరాబాదులో తరచు వినబడుతోంది. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు చెప్తారు, రియల్ ఎస్టేట్ వాళ్లు చెప్తారు, గచ్చిబౌలి కాఫీ షాపుల్లో కూర్చుని మన మిత్రులూ చెప్తారు. ఆబిడ్స్, కోఠీ, మొజంజాహి మార్కెట్ మధ్య ఉన్న రోడ్లలోకి సాయంత్రం ఆరు దాటాక బళ్లు రానివ్వకుండా, నున్నటి రాళ్లు పరిచి, పసుపు రంగు దీపాలు వేలాడదీసి, రెండు పక్కలా తిండీ పాటా పెట్టేస్తే ఆ వీధులకి మళ్లీ ప్రాణం లేచొస్తుందట.

వినడానికి బాగానే ఉంది. నాకు నడవడం ఇష్టం, తినడం ఇంకా ఇష్టం. అయినా ఈ ఆలోచనకి నేను వ్యతిరేకిని. తిండి వీధి వద్దని కాదు. ఉన్న వీధిని తీసేసి తిండి వీధి పెట్టడాన్ని "ప్రాణం పొయ్యడం" అంటున్నారు చూడండి, నా పేచీ అంతా దాంతోనే.

అసలు ఆ వీధి చచ్చిపోయిందని ఎవరు తేల్చారు? మామూలు మంగళవారం మధ్యాహ్నం ఒకసారి వెళ్లి చూడండి. కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం గేటు దాటి వచ్చిన అమ్మాయిలు సెకండ్ హ్యాండ్ టెక్స్ట్ పుస్తకాలు బేరమాడుతుంటారు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు గైడ్ల కట్టలు మోసుకెళ్తుంటారు. సుల్తాన్ బజార్లో పెళ్లిబట్టల కోసం జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలుంటాయి. గుజరాతీ గల్లీలో సీసీ కెమెరాలు, ట్రూప్ బజార్లో కుళాయిలూ లైట్లూ, జగదీశ్ మార్కెట్లో ఫోన్లు విప్పి కూర్చున్న కుర్రాళ్లు. కాలు పెట్టడానికి సందుండదు. ఇంత రద్దీగా ఉన్న చోటు ఎలా చచ్చిపోయింది? మనం వెళ్లడం మానేశాం, అంతే. మనకి కావలసినవన్నీ హైటెక్ సిటీ వైపో, ఫోన్ లోపలికో వచ్చేశాయి. మనం పోని చోట మనుషులు లేరనుకోవడం చెడ్డ అలవాటు. ఆ అలవాటు మీదే పథకాలు కట్టేస్తే అది ప్రమాదం కూడా.

ఇక ఈ పత్రిక చదివేవాళ్లకి నేరుగా తగిలే సంగతి. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంత ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఏ ప్రభుత్వమూ పెట్టలేదు, ఏ అకాడమీ నడపడం లేదు. ఆదివారం ఆ పెద్ద దుకాణాలు షట్టర్లు దించేస్తాయి. షట్టర్ ముందు ఫుట్‌పాత్ ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. ఆరు రోజులు ఒకరిదైన చోటు ఏడో రోజు ఇంకొకరిదవుతుంది. ఆ సంత రహస్యం అంతకన్నా ఏమీ లేదు.

ఇప్పుడు అదే వీధిని వినోదమూ భోజనాల కేంద్రంగా మార్చండి. హోటళ్లకి వారం మొత్తంలో పెద్ద రోజు ఏది? ఆదివారం. షట్టర్ దించాల్సిన రోజునే తెల్లారకుండా ఎత్తుతారు. పుస్తకాలు పరిచే చోట కుర్చీలు వేస్తారు, కుర్చీల ముందు వ్యాలే పార్కింగ్ కుర్రాడు నిలబడతాడు. పుస్తకాలవాళ్లని ఎవరూ లాఠీ పెట్టి తరమక్కర్లేదు. వాళ్లకి మిగిలిన ఆ ఒక్క రోజు పోతుంది. ఆ తర్వాత "పాపం, పాత పుస్తకాలవాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గిపోయారు" అని మనమే వ్యాసాలు రాసుకుంటాం.

భయపెట్టడానికి చెప్తున్న మాట కాదు. ఢిల్లీ దరియాగంజ్‌లో ఆదివారం పుస్తకాల సంత దశాబ్దాలపాటు ఫుట్‌పాత్ మీదే నడిచింది. ట్రాఫిక్‌కి అడ్డమని 2019లో హైకోర్టు ఉత్తర్వుతో అక్కణ్ణించి తీసేశారు. కొన్నాళ్లు వ్యాపారమే లేదు. తర్వాత మహిళా హాట్ అనే ప్రహరీ ఉన్న ఆవరణలోకి మార్చారు. సంత బతికింది, నిజమే. ఇప్పుడు శుభ్రంగా ఉంది, తొక్కిసలాట లేదు అనేవాళ్లూ ఉన్నారు. కానీ ఫుట్‌పాత్ మీద పుస్తకానికి ఒక గుణం ఉంది. పుస్తకం కొనాలని రానివాడి కాలికి కూడా అది తగులుతుంది. చెప్పులు కొనడానికి వచ్చినవాడు ఆగి, పేజీ తిప్పి, ముప్ఫై రూపాయలకి ఒక నవల పట్టుకెళ్తాడు. గేటున్న ఆవరణలోకి పుస్తకాల కోసం బయల్దేరినవాళ్లే వెళ్తారు. చదివేవాళ్లు తగ్గిపోతున్నారని బాధపడే మనం, చదవడం తెలియకుండానే మొదలుపెట్టించే చోటుని పోగొట్టుకోవడానికి ఒప్పుకోకూడదు.

మొన్నొక ఆదివారం నేనెప్పుడూ కొనే ఒకాయన్ని అడిగాను, ఇక్కడ ఫుడ్ స్ట్రీట్ పెడితే మీకూ జనం పెరుగుతారు కదా అని. ఆయన పుస్తకం మీద దుమ్ము దులుపుతూ, "జనం వస్తరు మేడమ్, చేతిల ప్లేటు పట్టుకొని వస్తరు. ప్లేటున్న చెయ్యి పుస్తకం పట్టదు" అన్నాడు. అర్థశాస్త్రం పెద్దగా చదువుకోని నాకు ఆ లెక్క వెంటనే అర్థమైంది.

లెక్కే కావాలంటే వేసుకుందాం. యాభై రూపాయల పాత పుస్తకం మీద ఇరవై మిగులుతుందనుకోండి. ఆ చోటుకి రోజుకి రెండు వేలు అద్దె అంటే వంద పుస్తకాలు అమ్మాకే మొదటి రూపాయి ఇంటికెళ్తుంది. బిర్యానీ, మాక్‌టెయిల్ అమ్మేవాడికి ఆ రెండు వేలు ఒక టేబుల్ మీద రెండు గంటల పని. అందుకే ఒక వీధికి "డైనింగ్ డిస్ట్రిక్ట్" అని పేరు పడగానే ఇంటి యజమాని మనసులో అద్దె మారిపోతుంది. ముందు వెళ్లిపోయేది గడియారం బాగుచేసేవాడు, తర్వాత దర్జీ, తర్వాత రబ్బరు స్టాంపులు చేసేవాడు. వీళ్లలో ఎవరి వ్యాపారమూ నష్టంలో ఉండక్కర్లేదు. పక్కవాడికన్నా తక్కువ అద్దె కడుతుంటే చాలు. చివరికి వీధి నిండా తినే చోట్లే మిగులుతాయి. పగలు పదకొండింటికి వెళ్తే ఎవరూ ఉండరు. అప్పుడు కదా ఆ వీధి నిజంగా చచ్చిపోయేది!

మొజంజాహి మార్కెట్ సంగతేమిటి, దాన్ని బాగుచేస్తే అందరికీ నచ్చింది కదా అని అడగొచ్చు. నాకూ నచ్చింది. 1935లో కట్టిన ఆ రాతి కట్టడానికి పట్టిన మసీ, అడ్డంగా లేచిన రేకులూ తీసేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. పని శ్రద్ధగా చేశారు. అయితే అక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఆ ఐస్‌క్రీమ్ దుకాణాలు ఎవరో కొత్తగా తెచ్చి పెట్టినవి కావు. అత్తర్లు, డ్రై ఫ్రూట్లు, ఐస్‌క్రీమ్, అన్నీ ఒకే గోడ కింద ముందునుంచీ ఉన్నవే. కట్టడాన్ని బాగుచేశారు, అమ్మేవాళ్లని మార్చెయ్యలేదు. మంచి ఉదాహరణ అదే. దాన్ని చూపించి "ఇలాగే ఊరంతా ఫుడ్ కోర్టు చేద్దాం" అనేవాళ్లు అది ఎందుకు నిలబడిందో చూడలేదు.

వినోదం ఈ ఊరికి ఎవరో కొత్తగా నేర్పాలా? అక్కణ్ణించి నాలుగడుగులు వేస్తే నాంపల్లి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ ప్రతి జనవరిలో మొదలై ఫిబ్రవరి మధ్యదాకా నడుస్తుంది. జనం మిర్చి బజ్జీ తింటారు, జెయింట్ వీల్ ఎక్కుతారు, మధ్యలో దుప్పట్లూ కశ్మీరు శాలువాలూ కొంటారు. వచ్చిన డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతుంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ అలాంటిదే. ఊరి వినోదంలోంచి ఊరి ఆడపిల్లలకి చదువు వచ్చింది. మనం చెప్పుకునే కొత్త పథకాల్లో ఒక్కదానిలోనైనా లాభం ఎటు పోతుందన్న వాక్యం ఉందా?

ఇక రంజాన్ రాత్రులు. చార్మినార్, లాడ్ బజార్, పత్తర్‌గట్టి తెల్లవార్లూ మెలకువగా ఉంటాయి. హలీం ఉంటుంది, గాజులుంటాయి, చెప్పులుంటాయి, నమాజుంటుంది. తినడం అక్కడ ప్రధానమే, కానీ ఒంటరిగా లేదు. ఇండోర్ సరాఫా బజార్ కూడా అంతే. పగలు బంగారం కొట్లు, అవి మూశాక వాటి ముందే తిండి బళ్లు. అక్కడ గొడవలు లేకపోలేదు. అయినా సూత్రం మన ఆబిడ్స్ ఆదివారానిదే. చోటు ఒకటే, వేళలు వేరు. ఎవరినీ వెళ్లగొట్టకుండా రాత్రికి వెలుగు తేవచ్చని చెప్పే ఉదాహరణలు ఇన్ని ఉండగా, మాల్‌లో మూడో అంతస్తుని తెచ్చి రోడ్డు మీద పెట్టాలనే కోరిక ఎందుకు?

"నీది నోస్టాల్జియా" అంటారని తెలుసు. పాత ఇరానీ హోటల్, పాత సినిమా హాలు, చాయ్ మీద కవిత్వం, ఆ సరుకు నా దగ్గర లేదు. ఈ వీధుల్లో నాకు నచ్చనివి బోలెడు. ఆబిడ్స్‌లో మూడు గంటలు పుస్తకాలు వెతకాలంటే నేను పొద్దున్నించి నీళ్లు తక్కువ తాగి బయల్దేరతాను. ఎందుకో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. ఫుట్‌పాత్ పగిలి ఉంటుంది. కూర్చోడానికి అరుగు లేదు. చీకటి పడ్డాక కోఠీ బస్టాపులో నిలబడడం సుఖమైన పని కాదు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఈ వీధుల్లోకి రానే లేడు. వీటిల్లో దేనికైనా జవాబు రెస్టారెంటా? రెస్టారెంటు బాత్రూం అక్కడ తిన్నవాళ్లకే. నాకు కావలసింది ఏమీ కొనకపోయినా వాడుకోగలిగే బాత్రూం.

చట్టం కూడా ఒకటుంది. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడడానికి 2014లో పార్లమెంటు చేసిన చట్టం. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదంటుంది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలంటుంది, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. యాభై ఏళ్లు దాటి నడుస్తున్న సహజమైన సంతల్ని వారసత్వ సంతలుగా ప్రకటించాలనీ, అక్కడివాళ్లని కదపకూడదనీ కూడా ఉంది. ఆబిడ్స్ సంతకి ఆ యాభై ఏళ్లు నిండాయో లేదో సర్వే తేల్చాలి. తేల్చేలోపు ఎవరూ డ్రాయింగులు గీయకూడదు.

చట్టం లేకుండా దయ మీద నడిస్తే ఏమవుతుందో 2024 జనవరిలో చూశాం. మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం పెట్టే ఒకావిడ బండిని పోలీసులు తీసెయ్యమన్నారు. ఆవిడ వీడియోలు అప్పటికే అందరి ఫోన్లలో ఉన్నాయి కాబట్టి ముఖ్యమంత్రి దాకా వెళ్లి ఆగింది. మంచిదే. వీడియోలు లేని బండివాళ్ల సంగతి? వైరల్ అవ్వడం హక్కు కాదు కదా.

కాబట్టి నేను అడిగేవి ఇవి. వీధిలో ఎవరెవరు ఏ వేళల్లో బతుకుతున్నారో ముందు లెక్క తియ్యండి, ఆదివారం మాత్రమే కనిపించేవాళ్లతో సహా. ఒక వీధిలో తిండి దుకాణాల వాటాకి పరిమితి పెట్టండి. రాత్రి తిండి బళ్లు పెట్టాలనుకుంటే కొట్లు మూశాక, వారంలో ఆరు రోజులే పెట్టండి. ఆదివారం పగలు పుస్తకాలది. ముందు ఫుట్‌పాత్, దీపాలు, బాత్రూములు, అరుగులు, రాత్రి బస్సులు తెచ్చి, పసుపు దీపాల తోరణాలు ఆ తర్వాత కట్టండి. సుల్తాన్ బజార్లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు మీ మ్యాపులో చుక్కలుగానైనా ఉన్నాయా? సాయంత్రం వినోదమంటే అక్కడ జరిగే సభ కూడా.

ఇది చదువుతున్న మీకు ఒక మాట. మీలో చాలామంది ఇలాంటి పథకాలు వేసే ఆఫీసుల్లో, వాటి పోస్టర్లు డిజైన్ చేసే కంపెనీల్లో, వాటి గురించి రీల్స్ చేసే చోట్ల పనిచేస్తున్నారు. తర్వాతి ప్రెజెంటేషన్లో ఎవరైనా ఆబిడ్స్ ఫొటో మీద కుర్చీలూ గొడుగులూ అతికించి చూపిస్తే, ఆ ఫొటో ఏ రోజు తీశారో అడగండి. ఆదివారానిది కాకపోతే, ఆదివారం ఇంకోసారి వెళ్లి తీసుకురమ్మనండి.