ఊళ్లు వాటంతటవే ఖాళీ కావు

పోయిన ఏప్రిల్లో రచయిత్రులం పన్నెండు మందిమి పాపికొండల వైపు కొండనడకకి వెళ్లాం. దేవీపట్నం మండలంలో పోలవరం ముంపు పేరుతో ఖాళీ చేయించిన కొండరెడ్ల ఊళ్లు చూద్దామని. తిరిగొచ్చిన వారంలోపే మావాళ్లు రాసిన నాలుగు కవితలు చేతికొచ్చాయి. నాలుగింటిలోనూ మౌనం ఉంది, మొండిగోడల మీద పాకిన తీగ ఉంది. ఆ ఊళ్లో బతికిన ఆడమనిషి ఒక్కతీ లేదు. నాలుగింటిలో ఒకటి నాదే. కాబట్టి ఈ కోపం ముందుగా నా మీదే.

'వదిలేసిన ఊరు' అని ఎంత తేలిగ్గా రాసేశాం! ఎవరు వదిలేశారు? లక్షకు పైగా కుటుంబాలు ఒక ప్రాజెక్టు కోసం కదలాల్సి వస్తే దాన్ని వదిలేయడం అంటారా?

దారి చూపించడానికి పునరావాస కాలనీ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. మేం గోడలకి ఫోటోలు తీసుకుంటుంటే ఆమె అటు చూడనే లేదు. చెట్లు చూసుకుంటూ నడిచింది. ఆ చింత అత్తగారి నాటిది. ఈ ఇప్పచెట్ల కింద తెల్లారకముందే పూలు ఏరేవాళ్లు. అడ్డాకులు, కొండచీపుర్లు సంతకి మోసుకెళ్తే వచ్చిన డబ్బు తన కొంగునే ఉండేదిట. "ఇంటికి లెక్క కట్టారమ్మా. అడివికెవరు కడతారు?" అంది.

చట్టంలో లేదా అంటే ఉంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గిరిజనులదేననీ, పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలనీ 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. 2013 భూసేకరణ చట్టం అడవిలో ఏరుకుని బతికేవాళ్లని కూడా బాధితులుగా గుర్తించింది. వితంతువుల్ని, విడాకులైనవాళ్లని, ఇంటివాళ్లు వదిలేసిన స్త్రీలని విడి కుటుంబాలుగా చూడమంది. భర్త ఉన్న ఆడదాన్ని మాత్రం అతని కుటుంబంలో కలిపేసింది. ఏరింది ఆమె, మోసింది ఆమె, అమ్మింది ఆమె. లెక్క మాత్రం కుటుంబానికి! పెద్దమ్మ ఇంట్లో ఆ డబ్బు భర్త ఖాతాలో పడింది. మోటారు సైకిలొచ్చింది, కొంత అప్పులకి పోయింది. ఇంటిచాకిరీకి విలువ కట్టరని ఇన్నేళ్లుగా వ్యాసాలు రాస్తున్న మనకి ఈ సంగతి కనపడకపోవడమేమిటి?

"మరి కాలువల కింద రైతులో?" అని మాలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. డెల్టా కాలువ కింద మా అన్నదమ్ములకి పొలం ఉంది. గోదావరి నీళ్లు తాగి పండిన అన్నంతోనే చదువుకున్నాను. అందుకే ఆ శిథిలాల మీద నేను కార్చిన కన్నీటికి నాకేమీ ఖర్చు కాలేదు. కవితకి మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి. మన దుఃఖం అంత చవకైనప్పుడు దాన్ని అచ్చువేసుకోవడానికి సిగ్గుపడాలి. కాలనీ రోడ్డు పక్కనే ఉంది. వ్యాను ఆపితే వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడూ ఆపలేదు, వచ్చేటప్పుడూ ఆపలేదు. అక్కడ ఫోటోకి పనికొచ్చేదేమీ లేదు మరి, వరసగా కట్టిన సిమెంటిళ్లు తప్ప.

దిగేటప్పుడు పెద్దమ్మ చెట్టు కింద రాలిన చింతకాయలు ఏరి కొంగున మూటగట్టుకుంది. కాలనీలో చింతపండు కొట్లో కొంటున్నారట. వ్యాను దగ్గర మాలో ఒకరు, కిలో ఎంతకిస్తావని అడిగారు.

అమ్మనంది.