కాలెట్‌లో పడితే చాలా?

రౌటర్ అనగానే ఇంటర్నెట్ డబ్బా గుర్తొచ్చే జాతి మాది. కాబట్టి ముందే చెప్తున్నా, ఇది చెక్క చెక్కే రౌటర్ గోల :-)

మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేసే చోట ఒక మాట తరచూ వినిపిస్తుంది. "షాంక్ కాలెట్‌లో పట్టింది కద్సార్, ఇంకేం కావాలి?" నాకు ఒళ్ళు మండేది ఈ మాటకే. "కంపైల్ అయింది కదా, రిలీజ్ చేసేద్దాం" అనే మావాళ్ళ మాటకి ఇది స్వయానా అన్నగారు. కాలెట్‌లో పట్టడం అంటే కొలత సరిపోయిందని మాత్రమే. ఆ బిట్ రౌటర్ వేగానికి తట్టుకుంటుందని కాదు!

అసలు తేడా అంతా వేగంలోనే ఉంది. డ్రిల్‌లో వాడే పెద్ద ఫోర్స్ట్‌నర్ బిట్ నిమిషానికి ఐదారొందల చుట్ల దగ్గర హాయిగా కోస్తుంది. రౌటర్‌కి కనిష్ఠ వేగమే సాధారణంగా 8,000 నుంచి 10,000. గరిష్ఠం 25,000 దాటుతుంది. తలుపు కీలు కూర్చోడానికి కావలసిన 35 మి.మీ. బిట్‌నే తీసుకోండి. 500 చుట్ల దగ్గర దాని అంచు వేగం గంటకి 3.3 కి.మీ., అంటే మనం తీరిగ్గా నడిచే వేగం. అదే 25,000 దగ్గర గంటకి 165 కి.మీ.!

పైగా ఏ బిట్టూ నూటికి నూరుపాళ్ళు తిన్నగా ఉండదు. ఆ కాస్త వంకర వల్ల పుట్టే అపకేంద్ర బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1,000 నుంచి 25,000 చుట్లకి వెళ్తే వేగం 25 రెట్లు, బలం 625 రెట్లు. ఇంటర్ ఫిజిక్సే ఇది. పొడుగాటి, సన్నటి డ్రిల్ బిట్ అక్కడ వంగకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి.

అలాగని రౌటర్‌తో కన్నాలే వెయ్యొద్దని నేననట్లేదు. అల్మరా అరల కోసం 5 మి.మీ. కన్నాలు 32 మి.మీ. దూరంలో వరసగా వెయ్యాలంటే ప్లంజ్ రౌటర్, జిగ్ భేషుగ్గా ఉంటాయి. కాకపోతే రౌటర్ కోసమే చేసిన కార్బైడ్ బోరింగ్ బిట్ గానీ, పొట్టుని పైకి తోసేసే అప్‌కట్ స్పైరల్ గానీ వాడాలి. స్ట్రెయిట్ బిట్ అయితే తిరగేసి చూడండి, అడుగున మధ్యదాకా కోసే అంచు ఉందా? లేకపోతే అది కొయ్యదు, రుద్దుతుంది. చెక్క మాడిపోతుంది. 35 మి.మీ. గుంటకి మాత్రం డ్రిల్లే మేలు. రౌటరే కావాలంటే టెంప్లేట్, గైడ్ బుష్ పెట్టి చిన్న బిట్‌తో లోపలంతా తొలుచుకోవచ్చు.

కొసకి మర ఉన్న ఆగర్ బిట్ రౌటర్ ఛాయలకే రాకూడదు, చెక్కలోకి తనే లాక్కుపోతుంది. ఫ్యాక్టరీ బోరింగ్ యంత్రాల బిట్లలో కొన్ని ఎడమవైపు తిరిగేవి. స్లీవ్ వేసి రౌటర్‌కి ఎక్కించినా అవి కొయ్యవు. 6 మి.మీ. షాంక్‌ని పావంగుళం కాలెట్‌లో బిగించడం ఇంకో ఘనకార్యం. పావంగుళం అంటే 6.35 అండీ బాబూ!

"మా మేస్త్రి పదేళ్ళుగా ఇలాగే చేస్తున్నాడు, ఏమీ కాలేదు" అంటారు. హెల్మెట్ లేకుండా పదేళ్ళు బండి నడిపినవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు. వాళ్ళని చూసి హెల్మెట్ దండగ అందామా? మా కోడ్‌లో తప్పుంటే రాత్రికి రాత్రి పాచ్ వేస్తాం. కంట్లో బిట్ ముక్క దిగితే ఏ పాచ్ వేస్తారు?

నా గొడవ మేస్త్రితో కాదు. గరిష్ఠ వేగం ఎంతో చెప్పకుండా "అన్నిటికీ పనికొస్తుంది" అని అమ్మే కొట్టువాడితోటి, గృహప్రవేశం ముహూర్తం చూపించి తొందరపెట్టే మనలాంటి ఓనర్లతోటీ. గ్రానైట్ రంగు కోసం నాలుగు షాపులు తిరుగుతాం కదా, పని మొదలయ్యే ముందు "అన్నా, ఈ బిట్ రౌటర్‌దేనా? కళ్ళద్దాలేవీ?" అని అడగడానికి మనకేం రోగం? లేవంటే ఆ డబ్బులు మనమే ఇద్దాం. ఆ రౌటర్ తిరిగేది మన వంటింటి కోసమే కదా.